ఒకే రోగికి నాలుగు గ్లాసులు

నాలుగో గ్లాసు నా నోటి దగ్గరికి వచ్చేసరికి నేను మంచం మీద లేచి కూర్చుని, "ఆగండర్రా, నాకు నిజంగానే షుగరుంది," అన్నాను.

గదిలో ఎవరూ కంగారు పడలేదు. నా తల దగ్గర నిలబడిన మెడికల్ విద్యార్థి చేతిలోని కాగితం కేసి చూసుకుని తృప్తిగా తలూపాడు.

"పేషెంటు అయోమయంగా మాట్లాడుతున్నారు. రాసుకోండి," అన్నాడు.

మిగిలిన ముగ్గురూ ఎవరి కాగితం మీద వాళ్ళు రాసుకున్నారు.

"అయోమయం కాదు బాబూ. ఇది యాక్టింగు కాదు. నేను రోజూ షుగరుకి మాత్ర వేసుకుంటాను."

"షుగరు మాత్ర వేసుకుంటారట. అదే కదా కేసు," అన్నాడతను, లెక్క సరిపోయిన మాస్టారిలా. "పడుకోండి సార్. ఇది తాగితే తగ్గిపోతుంది."

గది మూల కుర్చీలో మెడికల్ కాలేజీ ప్రిన్సిపాలు కూర్చుని ఉన్నాడు. పక్కన లెక్చరరు. ఈ పొద్దుట కోసం ఆ అమ్మాయి రెండేళ్ళు ఎదురుచూసింది. ఇది సవ్యంగా జరిగితే నాలుగు కాలేజీల పిల్లలకీ కలిపి పాఠం చెప్పుకోడానికి వారానికి ఒక గంట ఇస్తానని ప్రిన్సిపాలు మాటిచ్చాడు. గందరగోళమైతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదని షరతు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. మూడు గ్లాసుల దాకా నోరు మూసుకున్నది అందుకే. అందుకు మాత్రమే కాదు, అది తర్వాత చెబుతాను.

నేను ముప్ఫై ఏళ్ళు దినపత్రికలో పనిచేశాను, కొంతకాలం శ్రీకాకుళంలో, కొంతకాలం విజయనగరంలో. రిటైరయ్యాక అరసవల్లిలోనే ఉంటున్నాను. ఆ లెక్చరరు మా వీధిలో పెరిగిన పిల్ల. డాక్టరు చదివి, హైవే పక్కనున్న ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, టీ గ్లాసు అందుకుంటూ అడిగింది.

"బాబాయ్, ఒక పూటంతా జబ్బు మనిషిలా మంచం మీద పడుకోగలవా?"

"అదెంత పనమ్మా," అనబోయాను. వంటింట్లోంచి మా ఆవిడ ముందే అందుకుంది.

"ఆయనకి అది అలవాటే అమ్మా. జబ్బు మాటేటో నువ్వు సెప్పు, పడుకోడం ఆయన సూసుకుంటాడు."

విషయమేమిటంటే, ఆ కాలేజీ ఆవరణలో నాలుగు కాలేజీలున్నాయి. డాక్టర్లవాళ్ళది ఒకటి, నర్సులది ఒకటి, మందులు చదివేవాళ్ళది ఒకటి, ఫిజియోథెరపీ వాళ్ళది ఒకటి. పిల్లలంతా ఒకే బస్సుల్లో వస్తారు, ఒకే కాంటీన్లో ఇడ్లీ తింటారు. కానీ బస్సులో ఎవరి సీట్లు వారివి, కాంటీన్లో ఎవరి బల్ల వారిది. నాలుగేళ్ళు ఒకరి పేరు ఒకరికి తెలియకుండా చదువుకుంటారు. తర్వాత ఒక రోజు అందరినీ ఒకే వార్డులోకి తోసి, ఇదిగో రోగి, కలిసి చూసుకోండి అంటారు.

"ఏమవుతుందో తెలుసా బాబాయ్? మొన్న మా వార్డులో ఒక ముసలమ్మకి ఒకళ్ళు వచ్చి లేచి నడవమన్నారు. ఇంకొకళ్ళు వచ్చి మంచం దిగొద్దన్నారు. ఇద్దరిలో ఎవరికి కోపం వస్తాదో అని ఆవిడ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక కాలు మంచం మీద, ఒక కాలు నేల మీద పెట్టుకుని కూర్చుంది. 'ఇదేటి మామ్మా' అంటే, 'ఇద్దరి మాటా ఇంటన్నాను తల్లీ' అంది."

నవ్వాను గానీ, నాకు నవ్వే అర్హత లేదు. ఒకసారి మా పత్రికలో ఒక ఊరి పెద్ద ఆరోగ్యం కుదుటపడుతోందని వార్త వేశాం. అదే రోజు, అదే పత్రికలో, రెండు పేజీల తర్వాత ఆయన మృతికి సంతాపం వేశాం. ఒకటి శ్రీకాకుళం వాళ్ళు రాసింది, ఇంకొకటి విజయనగరం నుంచి వచ్చింది. మధ్యలో ఉన్న మేం ఎవరి వార్త వాళ్ళం శ్రద్ధగా దిద్దుకున్నాం. పక్కవాడి వార్త చదవలేదు. తెల్లారాక ఆ పెద్దమనిషే ఫోను చేశాడు. "నానిప్పుడు ఏ పేజీ పెకారం నడుసుకోవాల?" అని మర్యాదగానే అడిగాడు.

ఆ కథ చెబితే ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. "అదే బాబాయ్! నేను మొత్తుకునేది అదే. ఎవరి పని వాళ్ళకి బాగా వచ్చు. పక్కవాడు ఏం చేశాడో అడగడం ఎవరికీ రాదు. అది కూడా పాఠంలా నేర్పాలి. ఒక్క గంట ఇమ్మని రెండేళ్ళుగా తిరుగుతున్నాను."

నా వేషం ఇది. నరసన్నపేట దగ్గర ఒక పల్లెలో వరి పండించే రైతుని. ఆదివారం ఉపవాసం ఉండి దేవుడి దర్శనానికి బయల్దేరాను. షుగరు మాత్ర మాత్రం మానకుండా వేసుకున్నాను. క్యూలో నిలబడేసరికి ఒంట్లో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తేడా వచ్చింది. నలుగురు విద్యార్థులు కలిసి అదేమిటో కనిపెట్టి, గ్లూకోజు నీళ్ళు తాగించి, పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చేయాలి. వైద్యం చిన్నపిల్లలకి కూడా తెలిసిందే. అసలు పరీక్ష వేరే. ఎవరేం చేశారో ఒకరికొకరు పైకి చెప్పుకుంటారా లేదా అన్నది చూడాలి. నలుగురికీ నాలుగు కవర్లు ఇస్తారు. గ్లూకోజు అందేలా చూడమని నాలుగు కవర్లలోనూ రాసి ఉంటుంది. గ్లాసులో పోసేది మాత్రం జగ్గులోని ఉత్త నీళ్ళే.

వారం రోజులు వణకడం సాధన చేశాను. "తలకాయి కాదు, సేతులు వణకాల. తల ఊపుతుంటే పూనకమొచ్చినట్టున్నాది," అని మా ఆవిడ దిద్దింది.

కాలేజీకి వెళ్ళేముందు ఆ పిల్ల ఒక ప్రశ్న అడిగింది. "నీకు నిజంగా జబ్బులేవీ లేవు కదా బాబాయ్?"

"గ్యాసు తప్ప ఏం లేదు," అన్నాను.

అది అబద్ధం. నాకు షుగరు వచ్చి చాలా కాలమైంది. చెబితే నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకుంటుంది. అప్పటికే టీకొట్టు దగ్గర అందరికీ చెప్పేసుకున్నాను. వేషం పోయిందని ఏ మొహంతో చెప్పను? పైగా ఉత్త నీళ్ళే కదా అనుకున్నాను.

ఆ పొద్దున్న ఇంకొక తెలివైన పని కూడా చేశాను. కథలో రైతు మాత్ర వేసుకున్నాడు కదా అని నేను వేసుకోలేదు. ఇద్దరం వేసుకోవడం ఎందుకనిపించింది. సాయంత్రం వేసుకుందామని మందుల షీటు చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇది ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

నన్ను ఒక గదిలో మంచం మీద పడుకోబెట్టారు. చెమట కోసం లెక్చరరు నా మొహం మీద నీళ్ళు చిలకరించింది. తలుపు తెరుచుకుని నలుగురూ వచ్చారు. ఎవరూ చెప్పకుండానే, వార్డులో పెద్ద డాక్టరు వెంట నడిచే వరసలో నిలబడిపోయారు. మెడికల్ కుర్రాడు తల దగ్గర. నర్సింగు అమ్మాయి కాళ్ళ దగ్గర, చేతిలో ట్రేతో. ఫార్మసీ అమ్మాయి మందుల బీరువా దగ్గర. ఫిజియోథెరపీ కుర్రాడు సగం గదిలో, సగం వరండాలో, ఎవరైనా పిలిస్తే వద్దామన్నట్టు. నాకు అన్నిటికంటే దగ్గరగా మెడికల్ కుర్రాడి గడ్డం కనిపిస్తోంది. తక్కిన ముగ్గుర్నీ చూడాలంటే తల తిప్పాలి.

ముందు నర్సింగు అమ్మాయి వచ్చింది. నరసన్నపేటలో బట్టల కొట్టు వాళ్ళ పిల్ల అట. నా బీపీ చూస్తున్నప్పుడు జేబులోని మందుల షీటు ఆమె కంట పడింది. నాకేసి చూసింది. నేను పెదవి మీద వేలు పెట్టాను. ఆమె ఏమీ అనకుండా, షుగరు చూసినట్టు అభినయించి, కవరులోని అంకె చదివి, తక్కువగా ఉందని గ్లాసు నా నోటికి అందించింది.

తియ్యగా ఉంది.

ఉత్త తియ్యదనం కాదు. పంచదార, నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, వెనకాల ఎక్కడో యాలకుల వాసన. మా ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలియనివ్వరు. అలాంటి వాడికి మంచం మీదికే ఇలాంటి గ్లాసు వస్తే ఏం చేస్తాడు? చివరి చుక్కదాకా తాగేశాను. ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే.

"గ్లూకోజు ఇచ్చానండి," అంది ఆ అమ్మాయి, గుళ్ళో పక్కవాళ్ళతో మాట్లాడేంత గొంతుతో. మెడికల్ కుర్రాడు అప్పటికి నా కనురెప్ప ఎత్తి లోపలికి చూస్తున్నాడు. వినలేదు.

ఫార్మసీ అమ్మాయి బీరువాలోంచి గ్లూకోజు ప్యాకెట్టు తీసి, ఎప్పటిదాకా పనిచేస్తుందో అటూ ఇటూ తిప్పి చదివి, తన కాగితం మీద రాసుకుని, కలిపినట్టు అభినయించి, జగ్గులోంచి రెండో గ్లాసు వంపి నాకు తాగించింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండోది కూడా బాగానే ఉంది.

మూడోది మెడికల్ కుర్రాడు. ఇది చక్కెర పడిపోవడమేనని గదంతటికీ ఉపన్యాసం ఇచ్చి, తన చేత్తోనే ఇచ్చాడు. అప్పటికి నాకు లోపల బెదురు మొదలైంది. లేచి చెబుదామంటే మూల కుర్చీలో ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్ళో బిగించి కూర్చుని ఉంది. ఆమె గంట పోతుంది. తాగేశాను.

ఇంతలో ఫిజియోథెరపీ కుర్రాడు వరండాలోంచి పూర్తిగా లోపలికి వచ్చాడు. ఎస్.కోట వైపు పిల్లాడు, భుజాలు మంచం వెడల్పు ఉన్నాయి. "గ్లూకోజు తాగండి తాతా, తాగితే మెల్లగా నడిపిస్తాను," అని నాలుగో గ్లాసు పట్టుకున్నాడు. అప్పుడే నేను లేచి కూర్చున్నది.

నిజం చెప్పినా ఎవరూ నమ్మకపోవడం విలేకరికి కొత్త కాదు. కానీ ఎంత గట్టిగా చెబితే అంత జబ్బు ముదిరిందని రాసుకోవడం మాత్రం అక్కడే చూశాను. లెక్చరరు లేవబోయింది. ప్రిన్సిపాలు చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఉండమ్మా. పరీక్ష మధ్యలో మాస్టర్లు కలగజేసుకోకూడదని నువ్వే రాశావు. అయినా ఈయన భలే చేస్తున్నాడే. ఎక్కడ పట్టావు?"

అప్పుడు నర్సింగు అమ్మాయి ట్రేలో ఉన్న ఖాళీ గ్లాసు అడుగున వేలు అద్ది, నాలిక మీద పెట్టుకుంది.

"సార్, ఇది నిజం పంచదార," అంది.

"సిస్టర్, ఒక్క నిమిషం," అన్నాడు మెడికల్ కుర్రాడు, తిరక్కుండానే.

"సార్..."

"చెబుతున్నాను కదా సిస్టర్, పేషెంటు అయోమయంగా..."

"ఓరి బావూ!" అని ఒక్క అరుపు అరిచింది. సంతరోజు కిక్కిరిసిన కొట్లో వెనక గదిలోని మనిషికి వినబడేలా అరిచే గొంతది. "ఆ ముసలాయన నిజమే సెప్తన్నాడు! జేబులో షుగరు మందున్నాది, నా కళ్ళతో సూసినాను! నేనొక గ్లాసు పోసినాను, ఆమె పోసింది, నువ్వు పోసినావు, ఈ భీముడొచ్చి ఇంకోటి పడతన్నాడు! సంపేత్తారేటి?"

గ్లాసు కింద పెట్టాలో పైన పెట్టాలో తెలియక ఫిజియోథెరపీ కుర్రాడు దాన్ని తలకంటే ఎత్తుగా పట్టుకున్నాడు.

"అది దించు ముందు. ఫార్మసీ అమ్మాయీ, నువ్వు ఆ జేబులో మందేటో సూసి సెప్పు. షుగరు మిషను నాకియ్యి, ఈసారి నిజంగా పొడుత్తాను. సార్, మీరు రాయండి. అందరిదీ ఒక్క కాగితం మీద రాయండి."

మెడికల్ కుర్రాడు కలం తీశాడు. నా వేలికి సూది గుచ్చుకుంది. మిషను చూపిన అంకె అతను చదివి, మళ్ళీ చదివి, మొహం మాడ్చుకుని లెక్చరరుకి చూపించాడు. ఆమె వచ్చి నన్ను పరీక్ష చేసింది. పెరిగింది గానీ భయపడేంత కాదు, మంచినీళ్ళు తాగించి కాసేపు నడిపించండి, మళ్ళీ చూద్దాం అంది. ఫార్మసీ అమ్మాయి మందుల షీటు అటూ ఇటూ తిప్పింది.

"ఇవాళ వేసుకున్నారా?"

"లేదమ్మా."

"ఎందుకు?"

"రైతు వేసుకున్నాడు కదా అని."

ఆమె షీటు మంచం మీద పెట్టింది. "ఇది రాయాలా?" అని మెడికల్ కుర్రాణ్ణి అడిగింది. "రాద్దాం," అన్నాడతను. "సిస్టర్, మీరేమంటారు?" ఆ మాట అతను అడగడం ఆ పొద్దుట అదే మొదలు.

భీముడు నా చెయ్యి పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిపించాడు. ప్రతి తిరుగుడుకీ తలుపులోంచి తొంగిచూసి, "ఇంకా నడపమంటారా?" అని ముగ్గురినీ కేకేసి అడిగాడు. ముగ్గురూ మాట్లాడుకుని జవాబు చెప్పారు. పావుగంటకొకసారి పొడిచారు. అంకె మెల్లగా దిగింది. వేలు మాత్రం ఇప్పటికీ నొప్పిగా ఉన్నట్టు నటిస్తూ ఉంటాను.

ఇక పంచదార సంగతి. ఈ విచారణ నేనే చేశాను, పాత అలవాటు. పెద్దగా వెతకాల్సిన పని పడలేదు. వరండాలో చీపురు ఆనించుకుని నిలబడిన ఆయమ్మ, మూడో తిరుగుడులో తానే పలకరించింది.

"బాగున్నాయా బావూ నీళ్ళు? నిమ్మకాయ కూడా పిండినాను."

"నువ్వా కలిపింది? ఎవరు కలపమన్నారు?"

"ఎవులు సెప్పాల? పొద్దుటే ఊర్నించొచ్చి పాపం మంచమ్మీద పడుకున్నారు. ఉత్తనీళ్ళిచ్చి గ్లూకోజనుకోమంటారేటి? మా ఇంటికొచ్చినోళ్ళకి నానలాగిస్తే మా అత్త నన్ను బతకనిచ్చునా?"

జగ్గు నింపమని ఆమెకు ఎవరో చెప్పారు. అది నాటకమని ఎవరూ చెప్పలేదు. లెక్చరరు ఈ మాట విని తల పట్టుకుంది. ఎవరెవరికి ముందుగా చెప్పాలో రాసుకున్న ఆమె జాబితాలో ఆయమ్మ లేదు.

మధ్యాహ్నం ప్రిన్సిపాలు గదిలో కూర్చున్నాం. ఆయన చెడ్డవాడు కాదు. దోషులకి శిక్ష వేసే వాడిలా కాకుండా, పెళ్ళి భోజనంలో పప్పు మాడిందని తెలిసిన పెద్దమనిషిలా మాట్లాడాడు.

"నువ్వే ఆలోచించమ్మా. ఒక్కొక్కరినీ పంపితే ఒక్కొక్కరు ఒక గ్లాసు ఇచ్చేవారు. కలిపి పంపితే నాలుగయ్యాయి. కలపకపోవడమే క్షేమం కదా?"

"ఒక్కొక్కరినీ పంపినా నాలుగే అయ్యేవి సార్. మనకి తెలిసేది కాదు, అంతే."

"సరే. కానీ తర్వాత వాళ్ళు బాగా చేసింది పరీక్షలో భాగం కాదు. రోగి నిజం రోగి అయిపోయాడు. దాన్ని ఎలా లెక్కలోకి తీసుకోను?"

"వాళ్ళు రేపు చూడబోయేది నిజం రోగులనే కదా సార్."

నేను కల్పించుకుని, తప్పు నాదనీ, అబద్ధం చెప్పాననీ ఒప్పుకున్నాను. "మీరు ఊరుకోండి," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ ఒక్క విషయంలో వాళ్ళ మధ్య మంచి ఐకమత్యం కనిపించింది.

చివరికి ప్రిన్సిపాలు ఒక దారి చెప్పాడు. గంట ఇవ్వడానికి తనకు అభ్యంతరం లేదు. కానీ పిల్లలు నాలుగు కాలేజీల వాళ్ళు కాబట్టి, ఏ రోజు ఏ గంట అన్నది నలుగురు ప్రిన్సిపాళ్ళూ ఒకచోట కూర్చుని తేల్చి సంతకాలు పెట్టాలి.

తిరుగు ప్రయాణంలో లెక్చరరు కారు నడిపింది. నవభారత్ జంక్షన్ దాటాక అంది.

"నువ్వు నిజం చెప్పుంటే ఇదేమీ జరిగేది కాదు బాబాయ్. నువ్వు నిజం చెప్పుంటే ఆ నాలుగు గ్లాసులూ నీళ్ళనుకుని అందరం చప్పట్లు కొట్టుకుని వచ్చేసేవాళ్ళం. అందుకని నిన్ను తిట్టాలో వద్దో నాకు తెలియట్లేదు."

"మీ పిన్ని తిడుతుందిలే. నువ్వు శ్రమ పడకు."

ఆ పిల్ల అప్పటికే ఇంటికి ఫోను చేసి చెప్పేసిందట. గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. "నాలుగో గ్లాసుకా లెగిసినారు?" అని ఒక్కటే అడిగింది. నేను వణకడం మొదలుపెట్టాను. ఈసారి తల కూడా ఊగింది.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. ప్రిన్సిపాళ్ళ సమావేశం మూడుసార్లు పెట్టారు. మొదటిసారి నర్సింగు కాలేజీకి తనిఖీ వచ్చింది. రెండోసారి ఫార్మసీలో పరీక్షలు. మూడోసారి తక్కిన ముగ్గురూ మెడికల్ ప్రిన్సిపాలు గదికి వెళ్ళి కూర్చున్నారు. ఆయనేమో సమావేశం ఫిజియోథెరపీ కాలేజీలో అనుకుని అక్కడికి వెళ్ళి ఎదురుచూశాడు. కాఫీలు తాగి ఎవరి గదికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఇలా కాదని ఆ పిల్ల కాగితాన్ని తానే నాలుగు గదులకీ తిప్పి నాలుగు సంతకాలూ తెచ్చుకుంది. నిన్న మా ఇంటికి తెచ్చి చూపించింది. రెండు సంతకాలు బుధవారానికి ఉన్నాయి, రెండు శనివారానికి.